అమ్మమ్మ ఊరు లేని వేసవి సెలవులు: ఇంట్లోనే, దూరం పాటిస్తూ ఏం చేద్దాం?

  ఇంట్లోనే ఉన్నారు కదా? ఉండక ఎక్కడికి వెళ్తారులెండి. ఇవాళ 2020 ఏప్రిల్ 26, ఆదివారం, అక్షయ తృతీయ. మామూలుగా అయితే ఈ టైమ్‌కి నగల షాపుల ముందు క్యూలు ఉండేవి. ఈసారి అన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. "పోనీలే, డబ్బులు మిగిలాయి" అంది మా అమ్మ. నాన్న మొహం చూడాలి, బంగారం ఆయనకే దొరికినట్టు వెలిగిపోయింది.

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, ఇంట్లో పిచ్చెక్కిపోతోంది, చిన్న పిల్లలు ఉన్నారు, పెద్దవాళ్లు ఉన్నారు, ఈ వేసవంతా ఏం చెయ్యాలి?" అని. నిజమే. మామూలు రోజుల్లో అయితే ఎగ్జామ్స్ అయిపోగానే బ్యాగ్ సర్దుకుని అమ్మమ్మ ఊరు బస్ ఎక్కేవాళ్లం. ఇప్పుడు బస్సుల్లేవు, రైళ్లు లేవు. దేశమంతా మే 3 దాకా అన్నారు, మన తెలంగాణలో 7 దాకా. ఆ తర్వాత ఏంటో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. కాబట్టి ఈ వేసవి మొత్తం నాలుగు గోడల మధ్యే అని ఫిక్స్ అయిపోయి మాట్లాడుకుందాం.

మా ఇంటి సంగతి దాచకుండా చెప్తాను. రెండు బెడ్‌రూమ్‌ల అద్దె ఇల్లు. అమ్మ, నాన్న, నేను, ఏడో క్లాస్ చదివే తమ్ముడు, మా నాయనమ్మ. మార్చి 22న చప్పట్లు కొట్టినప్పుడు పండగలా ఉంది. ఏప్రిల్ 5న దీపాలు పెట్టినప్పుడు కూడా బానే ఉంది. మొదటి వారం అంతా కలిసి టీవీలో రామాయణం చూశాం, హిందీ రాని నాయనమ్మకి తమ్ముడు తన సొంత డైలాగులతో తర్జుమా చేశాడు. రెండో వారానికి ఎవరి ఫోన్ వాళ్లది. రోజుకి 2 జీబీ మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయేది. మూడో వారం నుంచి గొడవలు. ఛార్జర్ కోసం గొడవ, ఫ్యాన్ కింద చోటు కోసం గొడవ. ఐపీఎల్ కూడా లేకపోయేసరికి నాన్న న్యూస్ ఛానెల్ పెట్టుకుని కేసుల నంబర్లు పైకి చదవడం మొదలుపెట్టారు.

ఇంత గోలలో మేం గమనించనిది ఒకటి జరిగింది. నాయనమ్మ మాట్లాడటం మానేసింది.

ఆవిడకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. పెద్దవాళ్లకి ఈ జబ్బు వస్తే ప్రమాదం ఎక్కువ అని అందరం విన్నాం కాబట్టి ఇంట్లో రూల్స్ పెట్టుకున్నాం. పాలకీ కూరగాయలకీ బయటికి వెళ్లేది నాన్న ఒక్కరే, ఆయన నాయనమ్మ గదిలోకి వెళ్లకూడదు. మేం కూడా ఆవిడ మంచం మీద కూర్చోకూడదు, కంచం గుమ్మం దగ్గర పెట్టాలి. మంచికే చేశాం. కానీ ఎందుకు చేస్తున్నామో ఆవిడకి కూర్చుని చెప్పినవాళ్లు లేరు. ఒకరోజు అమ్మ కంచం పెట్టి వెనక్కి తిరిగేసరికి, "నేనేం తప్పు చేశానమ్మా, అంటరానిదాన్ని చేసేశారు" అని ఏడ్చేసింది. నెల రోజులుగా అదే మనసులో పెట్టుకుని కూర్చుంది ఆవిడ.

ఇక్కడ నాకు ఆ మాట మీదే కోపం వచ్చింది. "సామాజిక దూరం" అంట. పాటించాల్సింది సామాజిక దూరం కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల చోటు, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మార్చిలోనే, భౌతిక దూరం అందాం, మాటామంతీ మాత్రం మానొద్దు అంది. మొన్న ప్రధాని సర్పంచులతో మాట్లాడుతూ రెండు గజాల దూరం అన్నారు చూడండి, అది నాయనమ్మకి టక్కున అర్థమైంది. "రెండు గజాలేనా? నా చీర ఆరు గజాలు" అంది.

కాబట్టి ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేవన్నీ ఒకే లెక్కలో ఏరినవి. ఇంట్లో పెద్దవాళ్లు దూరంగా కూర్చునే కలవగలగాలి, డబ్బులు పెద్దగా ఖర్చు కాకూడదు, ఫోన్ ఉంటే అది పనిముట్టులా ఉండాలి.

మొదటిది అష్టాచమ్మా. సినిమా కాదండీ, 2008లో నాని ఫస్ట్ సినిమా అది. నేను చెప్పేది అసలు ఆట. మీలో చాలామందికి పేరు తెలుసు, ఆడటం రాదు. నాకూ రాదు. నాయనమ్మే నేర్పింది, గుమ్మానికి అవతల కుర్చీ వేసుకుని, చేతికర్రతో చూపిస్తూ.

నేల మీద సుద్దముక్కతో ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం ఇరవై ఐదు గళ్లు గియ్యండి. నాలుగు వైపులా సరిగ్గా మధ్య గడిలో ఇంటూ మార్క్, నట్టనడిమి గడిలో ఇంకో ఇంటూ. ఒక్కో వైపు ఇంటూ ఒక్కొక్కరి ఇల్లు. నలుగురు ఆడొచ్చు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. కాయలంటే ఏవైనా సరే, కందిపప్పు, శనగలు, గాజు ముక్కలు, చొక్కా గుండీలు. నాలుగు గవ్వలు వెయ్యాలి. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చమ్మ గానీ అష్ట గానీ పడితే ఇంకో పందెం ఉచితం.

కాయ బయటి వరసలో గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. బయటి వరస పదహారు గళ్లు. తిరిగి మీ ఇంటి పక్కదాకా వచ్చాక లోపలి వరసలోకి వెళ్లి, అక్కడున్న ఎనిమిది గళ్లూ ఇటు దిక్కుకి తిరిగి, మధ్య గడిలోకి చేరితే పండినట్టు. దారిలో అవతలివాళ్ల కాయ ఉన్న గడిలో మీది పడితే వాళ్లది చచ్చినట్టు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇంటూ గళ్లలో మాత్రం చంపడానికి లేదు. కనీసం ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి వరసలోకి వెళ్లనివ్వకపోవడం మా ఇంటి రూల్. ఊరికో రూల్ ఉంటుంది, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏది చెప్తే అదే కరెక్ట్. వాదించకండి. నేను వాదించి ఓడిపోయాను.

గవ్వలు లేవా? మా దగ్గరా లేవు. చింతపిక్కలు తీసుకుని గరుకు గచ్చు మీద ఒక వైపు తెల్లగా అయ్యేదాకా అరగదీస్తే అవే గవ్వలు. తెలుపు పైకి వస్తే వెల్లకిలా, గోధుమరంగు పైకి వస్తే బోర్లా. అన్నీ కలిపి వాడొద్దు. ఒక్కొక్కరికి నాలుగేసి పిక్కలు ఇచ్చేశాం. ఎవరివి వాళ్లే వేసుకుంటారు, ఆట అయ్యాక సబ్బునీళ్లలో పడేస్తారు. నాయనమ్మ తన గది లోపలి నుంచే వేస్తుంది, ఆవిడ కాయల్ని తమ్ముడు జరుపుతాడు. మొదట్లో మోసం చేసేవాడు. ఇప్పుడు చెయ్యడు, ఎందుకంటే ఆవిడ కళ్లజోడు లేకుండానే గళ్లు లెక్కపెట్టేస్తోంది.

వాడి బుర్రకి ఇంకో పని కూడా పెట్టాను. చమ్మకీ అష్టకీ ఉచిత పందెం ఎందుకిచ్చారు? లెక్క చూడండి. నాలుగు పిక్కలు, ఒక్కోటి రెండు రకాలుగా పడొచ్చు, మొత్తం పదహారు రకాలు. అందులో రెండు వచ్చేవి ఆరు. ఒకటి వచ్చేవి నాలుగు, మూడు వచ్చేవి నాలుగు. చమ్మ ఒక్కటే రకంగా వస్తుంది, అష్ట కూడా ఒక్కటే రకంగా వస్తుంది. అంటే పదహారు సార్లు వేస్తే ఈ రెండూ కలిపి రెండుసార్లు వస్తే గొప్ప. అరుదుగా వచ్చేదానికే బహుమతి అన్నమాట. ప్రాబబిలిటీ టెక్స్ట్‌బుక్‌లో వచ్చేదాకా ఆగక్కర్లేదు. అయితే ఇది నాణెంలా రెండు వైపులా సమానంగా ఉండే వస్తువుకి వేసిన లెక్క. చింతపిక్క అలా ఉండదు, ఒక వైపు చదును, ఇంకో వైపు ఉబ్బు. మీ పిక్కలు నూట అరవై సార్లు వేసి గోడ మీద గీతలు గీసి చూడండి, లెక్క దగ్గరగా వస్తుందా రాదా అని. గోడ అంటే క్యాలెండర్ వెనక. అద్దె ఇల్లు.

బంధువులతో కూడా ఆడొచ్చు. వీడియో కాల్ పెట్టి, రెండిళ్లలోనూ ఒకే బోర్డు గీసుకుని, ఎవరు ఏ కాయ జరిపినా అవతలి బోర్డు మీద కూడా జరపాలి. డల్లాస్‌లో ఉండే మా మావయ్య పిల్లలతో ఇలాగే ఆడుతున్నాం. మనకి రాత్రి ఎనిమిదైతే వాళ్లకి అదే రోజు పొద్దున్న తొమ్మిదిన్నర. వాళ్ల దగ్గర చింతపిక్కలు లేవు, పిస్తా తొక్కలు వాడుతున్నారు. నడుస్తుంది. పులి మేక, వామనగుంటలు కూడా ఇలా ఆడొచ్చు గానీ, వామనగుంటల్లో గింజలు లెక్క తప్పితే కాల్‌లో పెద్ద యుద్ధమే అవుతుంది, ముందే చెప్తున్నా.

ఇప్పుడు ఆవకాయ. ఆగండి, ఆగండి, వీడియో స్కిప్ చెయ్యకండి. వంటల ఛానెల్‌లా చెప్పను.

ప్రతి ఏడాదీ మా ఇంటికి ఆవకాయ జాడీ అవనిగడ్డ వైపు ఊళ్లో ఉండే అమ్మమ్మ దగ్గర్నుంచి వస్తుంది. ఈ ఏడాది రాదు. అమ్మకి సొంతంగా పెట్టడం రాదు, ఎందుకంటే ఎప్పుడూ అవసరం పడలేదు. సో అమ్మమ్మ ఫోన్‌లో చెప్పింది, మేం చేశాం. కుటుంబమంతా కలిసి చేసే పనుల్లో ఇంతకంటే పెద్ద ప్రాజెక్ట్ ఇంకోటి లేదు. అందరికీ డ్యూటీ ఉంటుంది, నాయనమ్మతో సహా. ఆవిడ డ్యూటీ వెల్లుల్లి రెబ్బలు వలవడం, మమ్మల్ని తిట్టడం.

అమ్మమ్మ కొలత చాలా సింపుల్. ఏ గిన్నెతో అయినా సరే, ఐదు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, గిన్నెకి కాస్త వెలితిగా ఉప్పు. గిన్నెన్నర దాకా నువ్వుల నూనె. పిడికెడు మెంతులు, మీ ఇష్టమైనంత వెల్లుల్లి. కాయ ముదిరి ఉండాలి, లోపల టెంక గట్టిపడి ఉండాలి. కాయల్ని మామూలు నీళ్లలో కడిగి, పొడిబట్టతో తుడిచి ఆరబెట్టాలి. ఈ మధ్య కొందరు కూరగాయల్ని సబ్బుతో కడుగుతున్నారు, దయచేసి మామిడికాయలకి అది చెయ్యకండి, తినేది మీరే. ముక్కలు కొట్టడం మాత్రం పెద్దవాళ్ల పని, కత్తిపీట దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు. ప్రతి ముక్కకీ పెంకు అంటి ఉండాలి, లోపలి జీడి, పల్చటి పొర తీసెయ్యాలి. ఈ జీడి తియ్యడం, ముక్క తుడవడం తమ్ముడి డ్యూటీ.

ఆవాలు ఎండబెట్టి పొడి కొట్టాలి. మిక్సీని ఆపకుండా తిప్పితే వేడెక్కి పొడి చేదొస్తుంది, కొంచెం తిప్పి ఆపి, కొంచెం తిప్పి ఆపి కొట్టండి. రాళ్లుప్పు కూడా ఎండలో పెట్టే పొడి చెయ్యాలి. అసలు ఈ పని మొత్తంలో శత్రువు ఒక్కటే, తడి. ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగేస్తుంది, మామిడి పులుపు సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు, పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. ఈ మూడూ కలిసి కాపలా కాస్తాయి కాబట్టే ఫ్రిజ్ లేని రోజుల్లో కూడా ఏడాది నిలవ ఉంది. ఒక్క తడి గరిట పెట్టారో, కాపలా అంతా గాలికి. మూడో రోజు తిరగ కలపాలి, అప్పుడు రుచి చూసి ఉప్పు సరిచేసుకోవాలి, నూనె తక్కువైతే ఇంకాస్త పొయ్యాలి. మాది ఇవాళ ముక్కలు కొట్టే దశలో ఉంది. మూడో రోజు ఎలా వచ్చిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా, బాగోకపోతే చెప్పను.

అయితే నేను ఆవకాయ గురించి ఇంత ఎందుకు చెప్పానంటే, ఫోన్‌లో జరిగిన ఇంకో విషయం కోసం. కొలతలు మర్చిపోతామని అమ్మమ్మ మాటలు రికార్డ్ చేద్దామనుకున్నాను. ఆవిడది బటన్ల ఫోన్, వీడియో కాల్ కుదరదు. కాబట్టి నా ఫోన్‌లో కాల్ స్పీకర్‌లో పెట్టి, అమ్మ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టాను. ముందే అడిగాను, "అమ్మమ్మా, నీ మాటలు దాచుకుంటాం, సరేనా" అని. "నా మాటలు దేనికే, పాటలా ఏమన్నానా" అంది గానీ సరే అంది.

కొలతలన్నీ చెప్పాక ఊరికే అడిగాను, "నువ్వు ఎప్పుడైనా ఆవకాయ పెట్టని ఏడాది ఉందా?" అని. కాసేపు అవతల్నించి ఏం వినపడలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నా. తర్వాత చెప్పింది, ఉప్పెన వచ్చిన తర్వాతి వేసవి అని.

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. మనం స్కూల్లో ఒక లైన్ చదువుకుని ఉంటాం. అమ్మమ్మ అక్కడే ఉందని తెలుసు, కానీ ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు, మేం ఎప్పుడూ అడగలేదు. ప్రతి వేసవీ నెల రోజులు ఆవిడ ఇంట్లోనే ఉండేవాళ్లం కదా, ఒక్కసారీ అడగలేదు. ఆ ఏడాది చెట్లే లేవట, కాయలెక్కడివి అంది. తర్వాత ఏం జరిగిందో ఇరవై నిమిషాలు చెప్పింది. అవి మా ఇంటి మాటలు, ఇక్కడ చెప్పను. అమ్మ కత్తిపీట పక్కన పెట్టేసి వింటూ కూర్చుంది. అమ్మ కూడా అందులో సగం మొదటిసారి విందట.

సో ఇది కూడా చెయ్యండి. దూరంగా ఉన్న తాతయ్యకో, అమ్మమ్మకో, పెద్దమ్మకో ఫోన్ చేసి రికార్డ్ చెయ్యండి. కొన్ని చిట్కాలు నాకు తెలిసినవి చెప్తాను. "నీ జీవితం గురించి చెప్పు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, "ఏముందిరా చెప్పడానికి" అంటారు. చిన్నవి అడగండి. కాపురానికి ఏ బండి మీద వచ్చావు? ఊళ్లోకి కరెంటు వచ్చినప్పుడు మొదట ఎవరింట్లో వెలిగింది? చిన్నప్పుడు నిన్ను ఎవరు కొట్టేవాళ్లు? చూడండి ఇక ఆగరు. టీవీ కట్టెయ్యండి, ఫ్యాన్ స్పీడ్ తగ్గించండి, ఫోన్‌ని బట్ట మీద పెట్టండి, లేకపోతే ప్రతి కదలికకీ టకటకమని శబ్దం వస్తుంది. అరగంట దాటనివ్వకండి, వాళ్లు అలిసిపోతారు. ఫైల్‌కి పేరు, తేదీ పెట్టి రెండు చోట్ల దాచండి. స్టేటస్‌లో మాత్రం వాళ్లని అడక్కుండా పెట్టకండి.

సరే, కాస్త డాబా మీదికి వెళ్దాం. అపార్ట్‌మెంట్ అయితే ఎవరు ఏ టైమ్‌కి పైకి వెళ్తారో వాట్సాప్ గ్రూప్‌లో పంచుకోండి, అందరూ ఒకేసారి ఎక్కితే ఇంట్లో ఉన్న ప్రయోజనమే లేదు.

ఇవాళ మధ్యాహ్నం మేం భూమి చుట్టుకొలత కొలిచాం. నవ్వకండి. తిరుపతిలో మా పిన్ని కొడుకు ఉన్నాడు, అన్నయ్య. వాళ్లకి ఇవాళ నీడ లేని రోజు. అంటే మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. రోజూ మధ్యాహ్నం ఇంతేగా అనుకుంటాం, కాదు. కర్కట రేఖకీ మకర రేఖకీ మధ్య ఉన్న ఊళ్లకి మాత్రమే, ఏడాదికి రెండే రెండు రోజులు ఇలా జరుగుతుంది. ఢిల్లీవాళ్లకి ఎప్పటికీ జరగదు. మనకి రెండోసారి ఆగస్టులో వస్తుంది గానీ అప్పుడు మబ్బులుంటాయి, నమ్మలేం. హైదరాబాద్‌లో మొదటిది మే 9, శనివారం, 12 గంటల 12 నిమిషాలకి. విజయవాడ వాళ్లు మే 6 ప్రాంతంలో, వైజాగ్ వాళ్లు మే 10 ప్రాంతంలో చూసుకోండి. వైజాగ్‌లో పన్నెండు కాకముందే, 11 గంటల 53 నిమిషాలకే అయిపోతుంది, ఆలస్యంగా వెళ్లి నన్ను తిట్టకండి.

సరిగ్గా అదే సమయానికి మేం ఇక్కడ డాబా మీద మీటర్ పొడవు కర్ర నిలబెట్టి నీడ కొలిచాం. నీడ ఉత్తరం వైపు పడింది, ఏడు సెంటీమీటర్లు. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి అడ్డంగా తిప్పితే సైంటిఫిక్ బటన్లు వస్తాయి కదా, అందులో 0.07కి ట్యాన్ ఇన్వర్స్ కొడితే 4 డిగ్రీలు. అంటే తిరుపతి నుంచి ఇక్కడికి భూమి 4 డిగ్రీలు వంగిందన్నమాట. చుట్టూ 360 డిగ్రీలు, అంటే అలాంటి ముక్కలు తొంభై. ఇక ఈ ముక్క పొడవెంత? మ్యాప్‌లో రోడ్డు దూరం తీసుకోకూడదు, హైదరాబాద్ నుంచి నేరుగా దక్షిణానికి తిరుపతి వరసకి గీత గీసి కొలవాలి. 417 కిలోమీటర్లు వచ్చింది. తొంభై పెట్టి గుణిస్తే 37,530. అసలు భూమి చుట్టుకొలత ధ్రువాల మీదుగా దాదాపు 40,000. రెండున్నర వేల కిలోమీటర్లు తగ్గింది! చూస్తే కర్ర కాస్త పక్కకి వాలింది. అరసెంటీమీటర్ తేడా, అంతే, ఆరున్నర రావాల్సింది. కర్ర పక్కన దారానికి తాళం చెవి కట్టి వేలాడదీస్తే నిటారుగా ఉందో లేదో తెలిసిపోయేది.

రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే ఆయన ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్య ఇదే పద్ధతి వాడాడు. ఆయనకి వీడియో కాల్ లేదు. మే 9న ఇది తిరగబడుతుంది, మాకు నీడ ఉండదు, అన్నయ్య కర్ర నీడ దక్షిణం వైపు పడుతుంది. ఆ రోజు మళ్లీ చేస్తున్నాం. మీకు వేరే ఊళ్లో చుట్టాలుంటే మీరూ చెయ్యండి, ఊళ్లు ఒకదానికొకటి ఉత్తర దక్షిణాలుగా దూరంగా ఉండాలి. టోపీ పెట్టుకోండి, నీళ్లు తాగి వెళ్లండి, పది నిమిషాల్లో దిగిపోండి, ఎండ మామూలుగా లేదు. సూర్యుడి వైపు చూడాల్సిన పనే లేదు, నీడ వైపు చూస్తే చాలు.

రాత్రి పని ఇంకా తేలిక. బండ్లు, ఫ్యాక్టరీలు ఆగిపోయి ఆకాశం ఎంత శుభ్రంగా ఉందో చూశారా? ఇవాళ్టికి ఈ వీడియో చూస్తున్నవాళ్లు చీకటి పడగానే పడమటి వైపు చూడండి. నెలవంక, దాని దగ్గర్లోనే మెరిసిపోతున్న శుక్రుడు. విమానం లైట్ అనుకుంటారు, విమానాలెక్కడున్నాయి ఇప్పుడు! తొమ్మిది దాటాక ఉత్తరం వైపు తిరిగితే సప్తర్షి మండలం బాగా పైకి వచ్చి ఉంటుంది. తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, దాని పక్కనే మినుకుమినుకుమనేది అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పంతులుగారు చూపిస్తే "కనిపించింది, కనిపించింది" అని అబద్ధం చెప్తారు చూడండి, అదే. నాయనమ్మ పెళ్లయ్యి యాభై ఐదేళ్లు, మొన్న డాబా మీద మొదటిసారి నిజంగా చూసింది. మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది. ఆ తోక వంపుని అలాగే కిందికి పొడిగిస్తే ఎర్రగా స్వాతి, ఇంకా పొడిగిస్తే తెల్లగా చిత్ర. తమ్ముడి నక్షత్రం చిత్ర, తన సొంత ఆస్తిలా మాట్లాడుతున్నాడు. స్టెల్లేరియం అనే యాప్ ఉంటే పేర్లు అదే చూపిస్తుంది, బ్రైట్‌నెస్ మాత్రం బాగా తగ్గించుకోండి. మనం ఇలాగే ఇంట్లో ఉండాల్సి వస్తే జూన్ 21న సూర్యగ్రహణం కూడా ఉంది, మనకి పాక్షికంగా కనిపిస్తుంది, దాని సంగతి అప్పుడు విడిగా చెప్తా.

మేం ప్రయత్నించి చేతులు కాల్చుకున్నవి కూడా చెప్పాలి కదా. టైమ్‌టేబుల్ రాసి గోడకి అంటించడం, రెండో రోజుకే ఫెయిల్. ఫ్యామిలీ యోగా, నాన్న నడుం పట్టేసింది. అందరూ కలిసి ఇంగ్లీష్‌లోనే మాట్లాడాలి అనే రూల్, ఇల్లంతా నిశ్శబ్దం. వెయ్యి ముక్కల పజిల్ కొందామనుకున్నాం, డెలివరీ లేదు, మంచిదైంది.

ఇంకో మాట. ఈ యాక్టివిటీలన్నిటికీ టీలు, పకోడీలు, కడిగే గిన్నెలు వెనకాలే వస్తాయి. పనిచేసే ఆంటీ రావడం లేదు, ఆవిడకి జీతం ఇస్తున్నారు కదా? ఇవ్వండి. మా ఇంట్లో గిన్నెల లెక్క ఇప్పుడు అష్టాచమ్మాతో తేలుతోంది, చివర్న పండినవాళ్లు రాత్రి గిన్నెలు కడగాలి. అమ్మ ఆడినా ఆడకపోయినా ఆవిడకి మినహాయింపు. గత ఆరు రోజుల్లో నాలుగు రోజులు నాన్నే కడిగారు. ఓడిపోతున్నారా, కావాలనే ఓడిపోతున్నారా అని నాకు డౌట్.

మీ ఇంట్లో ఏం ఆడుతున్నారో కింద రాయండి. ముఖ్యంగా అష్టాచమ్మాలో మీ ఊరి రూల్ ఏంటో రాయండి, మొదటి కాయ దించడానికి చమ్మ పడాలా, అక్కర్లేదా అని. ఇక్కడ నాయనమ్మకీ డల్లాస్ అత్తయ్యకీ దాని మీద మూడు రోజులుగా గొడవ నడుస్తోంది.

ఆఁ వస్తున్నా అమ్మా! ఆవాలు ఎండలోంచి తియ్యలేదట, మంచు పడితే చెమ్మెక్కిపోతాయి అంటోంది. ఉంటాను ఫ్రెండ్స్, బై.